ఎవరి తప్పులు వారివి

శనివారం మధ్యాహ్నం మూడు దాటిందంటే వినోద టీచర్‌కు కాళ్లూ చేతులూ ఆడవు. నాలుగింటిలోపు ఇరవై మూడు మంది పిల్లలూ ట్యాబ్‌లో లెక్కల ఆట ఆడి ఉండాలి, ఆడిన సంగతి ఆఫీసుకు చేరి ఉండాలి. బడికి ఇచ్చిన ట్యాబ్‌లు నాలుగు. వాటిలో ఒకదాని అద్దం పగిలి, తాకిన చోట కాకుండా బెత్తెడు పక్కన పనిచేస్తుంది. ఛార్జింగ్ పెట్టడానికి ప్లగ్గు ఒక్కటే, అదీ వంటగది గోడకు. సిగ్నల్ దొరికేది బోరింగు వైపు కిటికీ దగ్గర మాత్రమే. ఈ ఏర్పాట్లన్నీ చేసిన మహానుభావులెవరో ఒక్క శనివారం వచ్చి ఆ కిటికీ దగ్గర చెయ్యెత్తి నిలబడితే బాగుండునని వినోద చాలాసార్లు అనుకుంది.

వరంగల్ అండర్‌బ్రిడ్జి దాటినాక రెండో సందులో ఉన్న ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల అది. రెండో టీచరు శ్యాంసుందర్ దసరా సెలవుల తర్వాత ఏదో సర్వే పనికని పోయి ఇంతవరకు తిరిగి రాలేదు. ఆయన పేరు మాత్రం హాజరు పట్టీలో భద్రంగా ఉంది. ఆయన కుర్చీ మీద వంట చేసే రాజక్క కడిగిన పళ్లేలు బోర్లిస్తుంది. అయిదు తరగతులు, రెండు గదులు, ఒక్క మనిషి. ఆ మనిషికి యాభై మూడేళ్లు, మోకాళ్ల నొప్పులు, ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు.

ఆట మాత్రం మంచిదే, కాదనడానికి లేదు. తెర మీద ఒక కాలువ ఉంటుంది. ఇవతలి ఒడ్డున నెత్తిన బెల్లం ముక్క పెట్టుకుని ఒక చీమ నిలబడి ఉంటుంది. కాలువ వెడల్పు పదమూడు అడుగులనుకోండి. ఎనిమిది అడుగుల చెక్క ముందే వేసి ఉంటుంది. మిగిలిన దూరానికి ఎంత చెక్క కావాలో కింద వరుసలోంచి ఏరి పెట్టాలి. ఐదు పెడితే చీమ దర్జాగా దాటిపోతుంది. తక్కువైనా ఎక్కువైనా చెక్క ఒరిగి, చీమ నీళ్లలో పడుతుంది. పడేటప్పుడు బుడుంగ్ అని చప్పుడు. పడ్డ చీమ చావదు, తడిసిన మీసాలు దులుపుకుని మళ్లీ ఒడ్డెక్కుతుంది.

చిక్కంతా ఆ బుడుంగ్‌తోనే వచ్చింది. పిల్లలకు చీమ దాటడం కంటే పడటం నచ్చింది. జూలైలో ట్యాబ్‌లు వచ్చిన కొత్తలో లెక్క వచ్చినవాళ్లు కూడా కావాలని తప్పు చెక్క పెట్టి, చీమను ముంచి, పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. ఆటకు నవ్వులు తెలియవు కదా, తప్పులే తెలుసు. ప్రతి ఒక్కరి పేరు పక్కనా ఒక చుక్క ఉంటుంది. బాగా ఆడితే పచ్చ, మధ్యస్థంగా ఆడితే పసుపు, రాకపోతే ఎరుపు. నెల తిరిగేసరికి వినోద బడిలో ఇరవై మూడు చుక్కలూ ఎర్రగా మెరిశాయి.

దానివల్ల ఒక మేలు జరిగింది. ఆ ఆట తయారుచేసిన స్వచ్ఛంద సంస్థవాళ్లు, ఎర్ర చుక్కలు ఎక్కువున్న బళ్లకు వారానికి రెండు రోజులు ఒక మనిషిని పంపుతారు. అలా వచ్చింది అనూష. కాజీపేట పిల్ల, తండ్రి రైల్వేలో పనిచేస్తాడు, డిగ్రీ అయిపోయి పరీక్షలకు చదువుకుంటోంది. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం రెండింటికి ఆటో దిగి, సంచిలోంచి చింతగింజలు తీసి, వెనకబడిన ఎనిమిది మందిని నేల మీద చుట్టూ కూర్చోబెట్టుకునేది. ఆ గంటలో ఆమె గొంతు ఒక్కసారి కూడా పెరిగేది కాదు. పక్క గదిలో మిగతా పదిహేను మందితో అరుస్తూ ఉన్న వినోదకు ఆ నెమ్మది చూస్తే కొంచెం అసూయగా, అంతకు మించి ప్రాణం లేచివచ్చినట్టు ఉండేది.

ఆ ఎనిమిది మందిలో హారిక ఒకతి, మూడో తరగతి. పదమూడులోంచి ఎనిమిది తీసేస్తే ఎంతే అంటే పదిహేను అనేది. తీసేశాక పెరగడమేమిటో ఆ పిల్లకూ అర్థమయ్యేది కాదు, కానీ పలక మీద అలాగే వచ్చేది. అనూష ఆ పిల్ల ముందు పదమూడు గింజలు పోసి, ఎనిమిది తనే గుప్పిట్లో దాచుకుని, మిగిలినవి లెక్కపెట్టమనేది. హారిక లెక్కపెట్టి ఐదు అనేది. మళ్లీ పలక మీద వేస్తే పదిహేను. "గింజలల్ల వచ్చింది మేడం, పలక మీదికి రావాలె. రెండు నెలలు పట్టుద్దేమో, వస్తది" అని అనూష వినోదకు ధైర్యం చెప్పేది. ఆ ధైర్యం మీదే వినోద ఆ ఏడాదిని లాక్కొచ్చింది. తనకు మిగిలిన ఓపికలో హారికకు కూడా పంచే వాటా లేదని ఆమెకు తెలుసు.

మరోవైపు ఆఫీసువాళ్లకు ఎరుపు గిట్టదు. ప్రతి శనివారం సాయంత్రం టీచర్ల వాట్సాప్ గ్రూపులో జాబితా పడేది. పైన పచ్చ బళ్లు, చప్పట్ల బొమ్మలతో. కింద ఎర్ర బళ్లు, టీచర్ల పేర్లతో సహా. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో ఎరగని వినోద పేరు వరుసగా పదిహేను వారాలు అట్టడుగున నిలిచింది. వియ్యపురాలు కూడా అదే గ్రూపులో ఉండటం మరో వైభవం.

ఎర్ర చుక్కలు పోతే అనూష కూడా పోతుందని ట్యాబ్‌లతో పాటు వచ్చిన సర్క్యులర్ మూడో పేజీలో, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో రాసే ఉంది. వినోద మొదటి పేజీ చదివి సంతకం పెట్టింది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి పోవాల్సిన వేళలో ఎవరైనా అంతే చేస్తారు.

నవంబరులో ఒక శనివారం రాజక్క రాలేదు. అత్తను దవాఖానలో చేర్చారని కబురు పంపింది. వినోదే కూరగాయలు తరిగి, పప్పు ఉడికించి, ఇరవై మూడు పళ్లేల్లో వడ్డించి, గిన్నెలు కడిగేసరికి మూడున్నరయింది. ట్యాబ్‌లు చూస్తే అప్పటికి ఆడినవాళ్లు ఆరుగురే. ఫోను మోగింది. ఆ చుట్టుపక్కల పన్నెండు బళ్ల జాబితాలు ఆఫీసుకు చేర్చే రామలింగం, ఇంకా పదిహేడు పేర్లు రాలేదని, నాలుగు తర్వాత ఆట తీసుకోదని చెప్పి పెట్టేశాడు. పగిలిన ట్యాబ్ ముందు ఒకటో తరగతి పిల్ల ఏడుస్తోంది. వినోద గోడకు ఆనుకుని ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఎదురుగా లావణ్య ఉంది.

లావణ్య ఐదో తరగతి. తల్లి ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల తొడిమెలు తీసే పనికి పోతుంది, తండ్రి లారీ మీద పోతే వారం దాకా రాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్ల. చాక్‌పీసులు తేవడం, ఒకటో తరగతిని చూసుకోవడం, బోరింగు కొట్టడం, అన్నీ లావణ్యే. ఏ బడిలోనైనా ఇలాంటి పిల్ల ఒకతి ఉంటుంది, ఆ పిల్ల పేరే టీచరు నోట ఎక్కువసార్లు వస్తుంది, ఆ పిల్ల పుస్తకమే తక్కువసార్లు తెరుచుకుంటుంది.

"బిడ్డా, మిగిలినోళ్లయి జర నువ్వే కొట్టు" అంది వినోద. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "అన్ని కరెక్టు కొట్టకు. ఆఫీసోళ్లకు అనుమానమొస్తది."

లావణ్య ఎందుకని అడగలేదు. రెండు చేతులతో రెండు ట్యాబ్‌ల మీద మొదలుపెట్టింది. నాలుగుకు ఆరు నిమిషాలుండగా ఇరవై మూడు పేర్లూ ఎక్కాయి. ఆ సాయంత్రం జాబితాలో వినోద బడి అడుగు నుంచి నాలుగు మెట్లు పైకి పోయింది. వినోదకు చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది, అబద్ధమెందుకు.

ఒక్కసారికే అనుకుంది. ఒక్కసారి దేనికీ సరిపోదు. పదకొండు శనివారాలు గడిచాయి. సంక్రాంతి సెలవులై బడి తెరిచాక రెండో వారానికి ఇరవై మూడు చుక్కలూ పచ్చబడ్డాయి. గ్రూపులో చప్పట్లు పడ్డాయి. వియ్యపురాలు కూడా ఒక పువ్వు పెట్టింది.

ఆ వచ్చే గురువారం అనూష ఎప్పటిలా చింతగింజల సంచితో కాక పల్లిపట్టీల డబ్బాతో దిగింది. తనను పరకాల వైపు ఇంకో బడికి మార్చారని, ఇక్కడ అందరూ పచ్చ అయ్యారు కాబట్టి ఇక తన అవసరం లేదన్నారని చెప్పింది. ముఖంలో దిగులు లేదు, సంతోషమే. ఆ సంస్థలో చేరాక తను పోయిన బడి పూర్తిగా పచ్చబడటం ఇదే మొదటిసారట. వాళ్ల నాన్న కూడా విని మెచ్చుకున్నాడట.

"నాకే నమ్మబుద్ధయితలేదు మేడం" అంది పట్టీలు పంచుతూ. "హారిక మీద జర ఫికరే ఉండె నాకు. పోయిన వారం మంగళవారం సుత పదిహేనే అన్నది. గని శనివారం వరకు అది సుత పచ్చగయ్యింది సూడుండ్రి. ఆటల వచ్చిందంటే పలక మీదికి వచ్చినట్టే."

వినోద అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచింది కూడా. అనూష ముఖం చూసి, మంచిదమ్మా అని మాత్రం అంది. పోతూ పోతూ ఆ పిల్ల చింతగింజల సంచి హారిక చేతిలో పెట్టి పోయింది. హారిక ఆ సంచి ఒళ్లో పెట్టుకుని, మేడం మంగళవారం వస్తుంది కదా అని నలుగురిని అడిగింది.

మంగళవారం రెండింటికి ఎనిమిది మంది వాళ్లంతట వాళ్లే నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. సందులో ఆటో చప్పుడైనప్పుడల్లా తలలు తిప్పారు. వినోద ఆ గదిలోకి పోలేకపోయింది. తనంటే తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం హనుమకొండలో మీటింగు పెట్టి, పూర్తిగా పచ్చబడ్డ తొమ్మిది బళ్ల టీచర్లకు శాలువాలు కప్పారు. వినోద పేరు పిలిచినప్పుడు పోకుండా ఉండాలనుకుంది. కానీ కుర్చీలోంచి లేచి వద్దని చెప్పడానికి కూడా ఓపిక కావాలి. పోయి తల వంచింది. శాలువా మెడ మీద పడగానే తల కొట్టేసినట్టయింది. దిగివచ్చి దాన్ని మడిచి సంచి అడుగున పెట్టుకుని, చాయ్ దగ్గర నిలబడ్డ రామలింగాన్ని పక్కకు పిలిచింది. ఆడింది పిల్లలు కాదని, ఒక్క పిల్ల చేత అందరివీ తనే ఆడించానని ఉన్నదున్నట్టు చెప్పింది.

రామలింగం చాయ్ ఊదుకుంటూ విన్నాడు. రోజూ పన్నెండు బళ్లు బండి మీద తిరిగి నడుం పట్టేసిన మనిషి. ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్వదనుకుంటాండ్రా మేడం? మూడున్నరకు పదిహేడు మంది ఆడకపోతిరి. నాలుగింటికి అందరు ఆడిండ్రు, నాలుగు ట్యాబులల్ల. నాకు సుత లెక్కలొస్తయి గద."

మరి అడగలేదేమని వినోద అడిగింది.

"అడిగితె మీరు చెప్తరు. చెప్తె నేను రాయాలె" అన్నాడు రామలింగం.

వినోదే మళ్లీ ఎత్తుకుంది. తనకు శాలువా అక్కరలేదని, చుక్కలు మళ్లీ ఎర్రగా చేసి అనూషను వెనక్కి పంపే మార్గముంటే చెప్పమని అడిగింది. వేసవి సెలవులకు బడి మూసేలోపు ఇంకా రెండు నెలలున్నాయి, ఆ రెండు నెలలు దొరికితే హారిక గట్టెక్కుతుంది.

రామలింగం ఖాళీ కప్పు పారేసి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. ఆటలో వెనక్కి తిప్పే బటన్ లేదు. పిల్లలే కూర్చుని ఆడాలి, వరుసగా మూడు శనివారాలు తప్పులు పడితే చుక్క దానంతటదే ఎర్రబడుతుంది. మూడో శనివారం ఇరవై మూడు మందివీ పూర్తిగా ఎక్కాలి, ఒక్క పేరు తక్కువైనా జాబితా తీసుకోదు, జాబితా లేకపోతే అనూష రాదు. "అందరు పైకి పోతాంటే మీ బడొక్కటే కిందికొస్తది. మెమో ఇస్తరు మేడం. రాసుడు నా చేతుల్నే ఉంటది" అన్నాడు.

"రాయుండ్రి సారూ" అంది వినోద.

సోమవారం ప్రార్థన అయ్యాక లావణ్యను పిలిచి, ఇక నుంచి శనివారాలు ఎవరిది వాళ్లే ఆడతారని, నువ్వు ఆడవద్దని చెప్పింది. పిల్ల ముఖం పాలిపోయింది.

"నేనేమన్న తప్పు జేసిన్నా టీచర్?"

నువ్వు కాదు, నేనే చేశానని వినోద అంది. లావణ్య నమ్మలేదు. టీచర్లు తప్పు చేశారని ఏ పిల్లా అంత తేలిగ్గా నమ్మదు. గబగబా పోయి తన సంచిలోంచి అట్ట చిరిగిన నోటు పుస్తకం తెచ్చి, తను సరిగ్గానే ఆడానని చూపించడానికి తెరిచి పట్టుకుంది. అందులో ఒక్కో పేజీలో ఒక్కో పేరు రాసి ఉంది.

'హారిక: కింద పెద్ద అంకె ఉంటె తిప్పి తీసేస్తది. రెండు సార్లు.'

'భరత్: పది దాక మంచిగనే చేస్తడు. పది దాటితె చేతి ఏళ్లు సాలయి. మూడు సార్లు.'

'నిఖిల్: తొందర. సూడకుండ కొడతడు. ఒక్కసారి, మొదటిదే.'

'అన్నపూర్ణ: ఆరుకు తొమ్మిదికి తేడ తెల్వది. అడిగితె ఏడుస్తది.'

వినోద కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివింది. అన్నీ సరిగ్గా కొట్టవద్దని ఆ రోజు తను ఒక మాట అనేసి పోయింది. ఏవి తప్పు కొట్టాలో చెప్పలేదు. ఈ పిల్ల ఊరికే ఎక్కడబడితే అక్కడ తప్పు పెట్టడానికి మనసొప్పక, ఎవరు ఎక్కడ తప్పుతారో పలకలు చూసి, పక్కన కూర్చుని, అడిగి, రాసుకుంది. హారిక చీమను హారికలాగే ముంచింది, భరత్ చీమను భరత్‌లాగే ముంచింది. వారాలు గడిచేకొద్దీ ఒక్కో తప్పు తగ్గించుకుంటూ వచ్చింది, నేర్చుకునే పిల్లలకు తగ్గుతాయి కదా అని. దొంగ లెక్కను అంత నిజాయితీగా వేసింది. ఇరవై ఎనిమిదేళ్లు పాఠం చెప్పిన తనకు అన్నపూర్ణ ఎందుకు ఏడుస్తుందో ఈ పుస్తకం చూసేదాకా తెలియదు. వినోదకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే కొంచెం చలనం కూడా వచ్చింది.

ఆ పుస్తకం అడిగి తీసుకుని, రోజుకు నలుగురి చొప్పున పిలిచి కూర్చోబెట్టుకుంది. అనూషలా నెమ్మదిగా చెప్పలేకపోయింది, మధ్యమధ్య అరిచింది, మధ్యాహ్నానికి గొంతు పోయింది. అయినా ఎవరికి ఏది చెప్పాలో ఇప్పుడు తెలుసు. శాలువా తీసి ట్యాబ్‌లు చుట్టిపెట్టడానికి వాడింది, చాక్‌పీసు పొడి పడకుండా.

మొదటి శనివారం పిల్లలు మళ్లీ తమ చేతులతో ఆడారు. పొద్దున తొమ్మిదింటికే మొదలుపెడితే మూడింటిదాకా సాగింది. బడంతా బుడుంగ్ బుడుంగ్. చాలా రోజుల తర్వాత చీమను ముంచే అవకాశం దొరికిందని భరత్ గంతులేశాడు. లావణ్య తీరిక లేకుండా తిరిగింది. ట్యాబ్‌లు ఛార్జింగ్ పెట్టింది, పేర్లు కొట్టి ఇచ్చింది, చిన్నవాళ్ల చేతులు తుడిచింది, పగిలిన ట్యాబ్‌లో వేలు ఎక్కడ పెట్టాలో చూపించింది. రెండో శనివారమూ అంతే. పద్నాలుగు చుక్కలు పసుపులోకి దిగాయి. గ్రూపులో వినోద బడి పేరు కిందికి జారింది. వియ్యపురాలు ఈసారి ఏమీ పెట్టలేదు. మెమో టైపవుతోందని, సోమవారానికి అందుతుందని రామలింగం ముందే ఫోన్ చేసి చెప్పాడు, బాధపడుతూనే చెప్పాడు.

మూడో శనివారం హారిక ట్యాబ్ ముందు కూర్చుని, పక్కన చింతగింజలు పోసుకుంది. పదమూడు అడుగుల కాలువ వచ్చింది. గింజలు జరిపి చూసుకుని ఐదు పెట్టింది. చీమ దాటింది. తర్వాతి కాలువకు గింజలు చాలలేదు, తిప్పి తీసేసింది, చీమ పడింది. మొత్తం మీద చుక్క ఎర్రగానే వచ్చింది. కానీ ఒక్క కాలువ దాటింది, అది నిజంగా దాటింది. వినోదకు ఏడుపొచ్చినంత పనయింది.

మూడూ ముప్ఫైకి అన్నీ పంపేసి, రాజక్క ఇచ్చిన చాయ్ తాగుదామని కూర్చుంటే ఫోను మోగింది. కిటికీ దగ్గరికి పోయి ఎత్తింది.

"మేడం, పద్నాలుగు ఎర్రగైనయి, మంగళవారం నుంచి అనూష మీకే. గని పేర్లు ఇరవై రెండే ఎక్కినయి. ఒక్కటి తక్కువుంటె తీసుకుంట లేదు. లావణ్య అని, ఎవలు? ఇయ్యాళ రాలేదా?"

వినోద ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తిరిగి చూసింది. లావణ్య గడప దగ్గర కూర్చుని ఒకటో తరగతి పిల్లకు చెప్పులు తొడుగుతోంది. మూడు శనివారాలూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ల ముందే తిరిగింది. ఎవరిది వాళ్లే ఆడాలని చెప్పిన నోటితోనే ఆ పిల్లను ఒక్కసారి కూడా ఆడమనలేదు. మళ్లీ మరిచిపోయింది.

పిలిచి, ఉన్నవాటిలో మంచి ట్యాబ్ చేతికిచ్చి, ఇరవై నిమిషాలే ఉంది, నీది నువ్వు ఆడమంది. లావణ్య గోడకు ఆనుకుని ట్యాబ్ ఒళ్లో పెట్టుకుంది. కాలువ వచ్చింది, చీమ వచ్చి నిలబడింది. పిల్ల చెయ్యి కదపలేదు. ఆలస్యమవుతోందని వినోద తొందర చేసింది. ఇన్నాళ్లూ నీది నువ్వు ఎలా ఆడావో అలాగే ఆడమంది.

"నాది సుత అన్ని కరెక్టు కొట్టొద్దంటిరి గద టీచర్" అంది లావణ్య. "నాయేందో నాకు తెల్వక హారిక తప్పులే పెట్టిన." తలెత్తింది. "ఇప్పుడు నాయే గావాలె గద. నేనేం తప్పులు జేస్త టీచర్?"

వినోద జవాబు కోసం వెతుక్కుంది. ఐదేళ్లుగా ఈ పిల్ల తన ముందు ఉంది. నోటు పుస్తకం తెస్తే, లావణ్యది కదా, సరిగ్గానే ఉంటుందిలే అని చూడకుండా రైటు కొట్టి సంతకం పెట్టిన రోజులే గుర్తొచ్చాయి. చాక్‌పీసులు తెమ్మన్నవి, నీళ్లు తెమ్మన్నవి, చిన్నవాళ్లను చూడమన్నవి గుర్తొచ్చాయి. ఈ పిల్ల చేసిన ఒక్క తప్పు, పక్కన కూర్చోబెట్టుకుని దిద్దిన ఒక్క తప్పు గుర్తు రాలేదు.

"తెల్వది బిడ్డా" అంది. కిటికీ దగ్గర ఫోను మళ్లీ మోగింది. పోలేదు. గోడ పట్టుకుని, మోకాళ్లు నొప్పి పెడుతుంటే మెల్లగా లావణ్య పక్కన నేల మీద కూర్చుంది. "నువ్వు ఆడు. నేను సూస్త."

లావణ్య ఆడింది. ఐదో తరగతి కాలువలు పెద్దవి. మొదటివి నాలుగూ ఆగకుండా దాటించింది. ఐదోది ఆరు వందల పన్నెండు అడుగులు. సమానంగా ఉండే ఆరు చెక్కలు వేయాలి, ఒక్కోటి ఎంత? లావణ్య పెదవులతో భాగించుకుంది. ఆరొకట్ల ఆరు, ఆరు రెండ్ల పన్నెండు. పన్నెండు అని పెట్టింది. ఆరు చెక్కలూ ఒడ్డు దగ్గరే ముగిసిపోయాయి. చీమ పడింది.

బుడుంగ్ చప్పుడుకు లావణ్య ఉలిక్కిపడింది. ఇరవై రెండు మంది పేర ఆ చీమను తన చేత్తో ముంచిన పిల్ల, అది తన తప్పుకే పడటం మొదటిసారి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వినోద ఆ పిల్ల చేతిలోంచి ట్యాబ్ తీసుకోలేదు. నేల మీద చాక్‌పీసుతో ఆ భాగహారం మళ్లీ వేసి, మధ్యలో ఒకటి ఆరుకు చాలనప్పుడు అక్కడ ఏం పెట్టాలో నెమ్మదిగా చెప్పింది. ఇది నీకు నేను చెప్పాల్సింది, చెప్పలేదు బిడ్డా అని కూడా అంది. లావణ్య నూట రెండు పెట్టింది. చీమ మీసాలు దులుపుకుని దాటిపోయింది.

నాలుగుకు మూడు నిమిషాలుండగా ఇరవై మూడో పేరు ఎక్కింది. జాబితా ముట్టిందని రామలింగం దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. రాజక్క చాయ్ చల్లారిపోయిందని గొణుక్కుంటూ మళ్లీ వేడి చేయడానికి పోయింది. వినోద లేవడానికి ఓపిక లేక అక్కడే కూర్చుంది.

లావణ్య లేచిపోయి, టీచరు బల్ల మీదున్న అట్ట చిరిగిన పుస్తకం తెచ్చుకుంది. ఇరవై రెండు పేజీలు తిప్పి, ఖాళీ పేజీ తీసి, పైన తన పేరు రాసుకుంది. కింద రాసింది:

'మధ్యల సున్న మర్శిపోతది. ఒక్కసారి.'